చిన్న తరగతుల తమ్ముళ్ళకు శక్తి పాఠం

మన వసతి గృహ వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం రాసి పంపమని సంచిక పని చూస్తున్న తమ్ముళ్ళు అడిగారు. మేము ఈ హాస్టల్‌లోనే మూడో తరగతిలో ట్రంకు పెట్టెతో అడుగుపెట్టి, పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు ప్రాథమిక పాఠశాలల్లో పాఠాలు చెప్పుకుంటున్న పూర్వ విద్యార్థులం. నెలలో రెండు ఆదివారాలు వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో స్టడీ అవర్‌లో కూర్చుంటున్నాం. మిగతా రోజుల్లో వాళ్ళకు చెప్పవలసింది తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళయిన మీరే. అందుకని ఈ పాఠం చిన్నవాళ్ళ కోసం, రాసింది మాత్రం మీకు.

మేము చదువుకున్న రోజుల్లో "శక్తి అనగా నేమి?" అని అడిగితే నిద్రలో లేపినా జవాబు చెప్పేవాళ్ళం. "పనిచేయగల సామర్థ్యమే శక్తి." రెండు మార్కులు. ఆ రెండు మార్కులు మాకు ఎప్పుడూ తప్పలేదు. కానీ ఆ వాక్యానికి అర్థం మాత్రం చాలా కాలం తెలియలేదు. పై తరగతికి వెళితే సామర్థ్యం అనే మరో పాఠం వచ్చింది. పని ఎంత వేగంగా జరుగుతుందో చెప్పేది సామర్థ్యమట. అంటే శక్తి నిర్వచనంలో ఉన్న సామర్థ్యం వేరు, ఈ సామర్థ్యం వేరు. బలం, శక్తి, సత్తువ అన్నీ ఇంట్లో ఒకే మాటగా వాడుకునే మాకు పుస్తకంలో ఏది ఏదో తెలియక తికమకపడ్డాం. చిన్న పిల్లలకు నిర్వచనంతో పాఠం మొదలుపెట్టవద్దని మేము అనడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న.

ఆ ఆదివారం జరిగింది

ఒక ఆదివారం ఐదో తరగతి పిల్లలకు పని గురించి చెబుతున్నాం. "బలం ప్రయోగించినా వస్తువు కదలకపోతే పని జరగలేదు. నెత్తిన బరువు పెట్టుకొని ఎంతసేపు నిలబడినా, సైన్సు ప్రకారం జరిగిన పని సున్నా" అని బోర్డు మీద రాశాం. అందరూ రాసుకుంటున్నారు. వెనక వరుసలో ఒక తమ్ముడు రాయడం ఆపేశాడు.

"అన్నా, మా అమ్మ మట్టి పనికి పోతుంది. తట్ట నెత్తిన పెట్టుకొని వరసలో నిలబడుతుంది. అది పని కాదా? మరి సాయంత్రానికి నడుం పట్టేస్తుంది ఎందుకు?" అన్నాడు.

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మాలో చాలామంది అమ్మలు కూడా అదే పని చేసి మమ్మల్ని చదివించారు. ఇన్నేళ్ళ చదువులో మాకు ఆ ప్రశ్న ఎందుకు రాలేదు? పుస్తకంలో ఉన్నదాన్ని మన ఇంటికి తెచ్చి చూసుకోవడం మాకు ఎవరూ నేర్పలేదు, మేమూ నేర్చుకోలేదు. ఆ రోజు "తర్వాత చెబుతాం తమ్ముడూ" అని తప్పించుకున్నాం. జవాబు చెప్పడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాల్లో మేము తిరిగి నేర్చుకున్నదే ఈ పాఠం.

మూడు ప్రశ్నలు

చిన్న పిల్లలకు శక్తి కనిపించదు. కనిపించేది మార్పు. కదలనిది కదిలింది, చల్లగా ఉన్నది వేడెక్కింది, చీకటి పోయి వెలుగు వచ్చింది, నిశ్శబ్దంలో చప్పుడు పుట్టింది. కాబట్టి ఏది చూపించినా ఈ మూడు ప్రశ్నలే అడగండి.

1. ఏం మారింది?
2. ఆ మార్పు తెచ్చిన శక్తి ఎక్కడి నుంచి వచ్చింది?
3. చివరికి ఎక్కడికి పోయింది?

నిర్వచనం నాలుగైదు పాఠాల తర్వాత వాళ్ళంతట వాళ్ళే చెబుతారు. ముందు ఈ ప్రశ్నలు అలవాటు కావాలి.

గోలీ, అగ్గిపెట్టె

మొదటి పాఠానికి ఒక గోలీ, ఒక ఖాళీ అగ్గిపెట్టె, ఒక అట్టముక్క, మూడు పుస్తకాలు చాలు. అట్టను మధ్యకు మడిచి కాలువలా చేయండి. ఒక చివర ఒక పుస్తకం మీద ఆనించండి, రెండో చివర నేల మీద ఉండాలి. కింది చివర దగ్గర అగ్గిపెట్టె పెట్టి పైనుంచి గోలీ వదలండి. అగ్గిపెట్టె ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలిచి రాయించండి. తర్వాత రెండు పుస్తకాల ఎత్తు నుంచి, ఆపైన మూడు పుస్తకాల ఎత్తు నుంచి వదలండి. ఎత్తు పెరిగిన కొద్దీ అగ్గిపెట్టె ఎక్కువ దూరం జరుగుతుంది.

ఇప్పుడు అడగండి. అగ్గిపెట్టెను జరిపిన శక్తి ఎక్కడిది? గోలీ కదలికది. గోలీకి ఆ కదలిక ఎక్కడిది? ఎత్తులో ఉండటం వల్ల. ఆ ఎత్తుకు గోలీని చేర్చింది ఎవరు? మన చెయ్యి. చేతికి శక్తి ఎక్కడిది? పొద్దున తిన్న ఉప్మా. ఇక్కడికి వచ్చేసరికి పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, మరిచిపోరు.

ఎత్తు వల్ల వస్తువులో ఉండే శక్తిని స్థితిజ శక్తి అంటారు, కదలిక వల్ల ఉండే శక్తిని గతిజ శక్తి అంటారు. చిన్నవాళ్ళకు మొదట దాగి ఉన్న శక్తి, కదిలే శక్తి అని చెబితే సరిపోతుంది. సాగదీసిన రబ్బరు బ్యాండులోనూ దాగి ఉన్న శక్తే ఉంటుంది. నాగార్జునసాగర్‌లో ఎత్తున నిలిచిన కృష్ణ నీళ్ళలోనూ అదే ఉంటుంది. గోలీ కిందికి దొర్లి అగ్గిపెట్టెను తోసినట్టే, నీళ్ళు కిందికి దూకి టర్బైన్‌ను తిప్పుతాయి, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. అట్ట మీద గోలీ అర్థమైన పిల్లవాడికి జలవిద్యుత్ కేంద్రం సగం అర్థమైనట్టే.

మరి అగ్గిపెట్టె కాస్త జరిగి ఆగిపోయింది కదా, శక్తి అయిపోయిందా? అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకోమనండి. వేడెక్కాయి. అగ్గిపెట్టె కూడా నేలతో అలాగే రుద్దుకుంది. ఆ శక్తి కొంచెం వేడిగా, కొంచెం చప్పుడుగా మారింది. ఆ వేడి మన చేతికి తెలియనంత తక్కువ, అంతే. శక్తి పుట్టదు, నశించదు, రూపం మారుతుంది. దీనినే శక్తి నిత్యత్వ నియమం అంటారు.

హాస్టల్ చుట్టూ ఒక నడక

రెండో పాఠం గదిలో వద్దు. పిల్లలను వెంటబెట్టుకొని హాస్టల్ చుట్టూ తిరగండి. ప్రతి చోటా మూడు ప్రశ్నలూ అడగండి.

వంటగదిలో గ్యాసు పొయ్యి: గ్యాసులో దాగిన రసాయన శక్తి ఉష్ణశక్తిగా, కాంతిశక్తిగా మారుతోంది.

భోజనాల బెల్లు: బెల్లు కొట్టే అన్న చేతి కదలిక ధ్వనిశక్తిగా మారుతోంది. ఆ బెల్లు ఏ శక్తితో పిలుస్తుందో మన పిల్లలకు చెప్పనక్కరలేదు!

ఫ్యాను: విద్యుచ్ఛక్తి కదలికగా మారుతోంది. చాలాసేపు తిరిగిన ఫ్యాను మోటారు వేడిగా ఉంటుంది. కొంత శక్తి అలా కూడా పోతోంది.

సెల్‌ఫోన్: చార్జింగ్ పెడితే విద్యుచ్ఛక్తి బ్యాటరీలో రసాయన శక్తిగా నిలవ ఉంటుంది. వాడేటప్పుడు వెలుగుగా, పాటగా, వేడిగా బయటికి వస్తుంది.

ఎండలో ఆరేసిన బట్టలు: ఇక్కడ పొయ్యి లేదు, కరెంటు లేదు. బట్టల్లో నీటిని ఆవిరి చేసింది ఎండ, దానికి గాలి తోడు.

పాత సైకిళ్ళకు డైనమో ఉండేది. దొరికితే తప్పక చూపించండి. డైనమో చక్రానికి ఆనించి తొక్కితే లైటు వెలుగుతుంది, కానీ తొక్కడం బరువవుతుంది. వెలుగు ఊరికే రాలేదు, మన కాళ్ళు దాని ధర చెల్లిస్తున్నాయి. ఈ ఒక్కటి కాళ్ళతో తెలుసుకున్న పిల్లవాడు నిత్యత్వ నియమాన్ని బట్టీపట్టనవసరం లేదు.

ఒక హెచ్చరిక. ప్లగ్గుల్లో వేళ్ళు, పుల్లలు పెట్టనివ్వకండి. సూర్యుణ్ణి కళ్ళతో నేరుగా చూడనివ్వకండి.

పళ్ళెంలో అన్నం ఎక్కడిది?

మూడో పాఠం భోజనాల తర్వాత చెప్పండి. మనం పరుగెత్తే శక్తి అన్నంలోది. అన్నం బియ్యంలోంచి, బియ్యం వరి మొక్క నుంచి వచ్చింది. మొక్కకు శక్తి నీళ్ళ నుంచి వచ్చిందా, మట్టి నుంచి వచ్చిందా, ఎండ నుంచి వచ్చిందా? చాలామంది పిల్లలు ఎరువు అంటారు. కాదు. నీరు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పెరుగుదలకు సామగ్రి. మట్టి పోషకాలను ఇస్తుంది. శక్తినిచ్చేది మాత్రం సూర్యకాంతి. ఆకు ఆ కాంతిని పట్టి పిండి పదార్థంలో దాచిపెడుతుంది. దాన్నే కిరణజన్య సంయోగక్రియ అంటాం.

సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అక్కడ బయలుదేరిన వెలుగు 8 నిమిషాల 20 సెకన్లలో మన పొలం చేరుతుంది. ఆ వెలుగే ఆకులో పట్టుబడి, గింజలో దాగి, మన పళ్ళెంలోకి వచ్చి, సాయంత్రం కబడ్డీ కూతలో బయటపడుతుంది. సింగరేణి బొగ్గులోనూ కోట్ల ఏళ్ళ నాటి చెట్లు పట్టిన ఎండే దాగి ఉంది.

కొలత: ఒక జౌల్ ఎంత?

నాలుగో పాఠం ఐదో తరగతి వాళ్ళకు. శక్తిని జౌళ్ళలో కొలుస్తారు. ఇంగ్లండులో 1818లో పుట్టిన జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ పేరు మీద ఆ ప్రమాణం వచ్చింది. ఆయన 1840ల్లో ఒక ప్రయోగం చేశాడు. బరువులు కిందికి దిగుతుంటే నీటిలో తెడ్లు తిరిగేలా అమర్చి, ఆ కదలిక వల్ల నీరు ఎంత వేడెక్కిందో కొలిచాడు. కదలికకూ వేడికీ మధ్య ఖచ్చితమైన లెక్క ఉందని ఆ ప్రయోగాలు నిరూపించాయి.

100 గ్రాముల వస్తువును ఒక మీటరు ఎత్తితే దానికి మనం ఇచ్చే శక్తి సుమారు ఒక జౌల్. ఒక జామకాయను నేల మీది నుంచి బల్ల మీద పెట్టినంత. 30 కిలోల పిల్లవాడు మెట్లెక్కి మూడు మీటర్ల పైకి వెళితే 30 × 9.8 × 3, అంటే 882 జౌళ్ళు. ఆహారంలో శక్తిని కిలో కేలరీలలో చెబుతారు. ఒక కిలో కేలరీ అంటే సుమారు 4,184 జౌళ్ళు. 100 గ్రాముల బియ్యంలో దాదాపు 350 కిలో కేలరీలు ఉంటాయి, అంటే 14 లక్షల 60 వేల జౌళ్ళకు పైనే.

"అయితే వంద గ్రాముల బియ్యంతో పదహారు వందల సార్లు మెట్లెక్కవచ్చా?" అని తెలివైనవాడు అడుగుతాడు. అడగాలి. జవాబు: ఎక్కలేం. ఎందుకంటే కండరాలు వాడిన శక్తిలో బయటి పనిగా మారేది మహా అయితే నాలుగో వంతు, మిగతాది వేడి. అదీగాక మనం ఊరికే పడుకున్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్ళు వెచ్చగా ఉండాలి. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే శక్తిలో దాదాపు ఐదో వంతు మెదడుకే పోతుంది. ఆకలితో కూర్చున్న పిల్లవాడికి లెక్కలు ఎక్కవంటే అది సోమరితనం కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అమ్మ నెత్తి మీది తట్ట

ఇప్పుడు ఆ తమ్ముడి ప్రశ్నకు వద్దాం. రెండు వారాల తర్వాత మేము చెప్పిన జవాబు ఇది.

20 కిలోల తట్టను నేల నుంచి నెత్తి మీదికి, ఒకటిన్నర మీటరు ఎత్తితే తట్టకు అందిన శక్తి 294 జౌళ్ళు. రోజుకు వంద తట్టలు ఎత్తినా 29,400 జౌళ్ళు. అంటే సుమారు 7 కిలో కేలరీలు, రెండు గ్రాముల బియ్యం. తట్ట వైపు నుంచి చూస్తే లెక్క ఇంతే. తట్టతో కదలకుండా నిలబడినప్పుడు తట్టకు కొత్తగా అందే శక్తి ఏమీ లేదు. పుస్తకంలోని సున్నా ఆ తట్ట లెక్కలో సున్నా. అమ్మ లెక్కలో కాదు.

తట్టను గోడ మీద పెడితే గోడ కూడా మోస్తుంది. కానీ గోడకు ఆకలి వేయదు. అమ్మకు వేస్తుంది. ఎందుకంటే మన కండరం గోడలా బిగుసుకొని ఉండలేదు. అందులోని సన్నని పోగులు క్షణక్షణం పట్టుకుంటూ, వదులుతూ, మళ్ళీ పట్టుకుంటూ ఉంటాయి. ప్రతి పట్టుకూ తిన్న తిండిలోని శక్తి ఖర్చవుతుంది. డ్రిల్ పీరియడ్‌లో నిలబడిన చోటే కవాతు చేస్తే ఒక్క అడుగు ముందుకు పోకపోయినా చెమట పడుతుంది కదా, అలాగే. ఆ శక్తి అంతా ఒంట్లో వేడిగా మారి, చెమటగా బయటికి పోతుంది.

ఎంత ఖర్చవుతుందో లెక్క కూడా ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన సిఫారసుల ప్రకారం కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకు 1,660 కిలో కేలరీలు కావాలి. బరువు పనులు చేసే స్త్రీకి 2,720 కావాలి. తేడా 1,060 కిలో కేలరీలు, అంటే 44 లక్షల జౌళ్ళకు పైన, దాదాపు 300 గ్రాముల బియ్యం. తట్టల లెక్కలో రెండు గ్రాములు, ఒంటి లెక్కలో మూడు వందల గ్రాములు. మీ అమ్మ సాయంత్రం నడుం పట్టుకొని కూర్చుందంటే ఆ తేడా అక్కడ ఉంది. ఇల్లు గడవక ఆమె తన పళ్ళెంలో తగ్గించుకుంటే, ఆ లోటు ఆమె ఒంట్లోంచే పోతుంది. శక్తి ఊరికే పుట్టదు కదా.

ఆ తమ్ముడు అంతా విని, "అయితే సైన్సులో పని అనేది వేరే మాట అన్నమాట" అన్నాడు. అంతే. సైన్సులో పని అనేది ఒక కొలతకు పెట్టిన పేరు. అది కష్టానికి కొలత కాదు, కూలికి అంతకన్నా కాదు. ఈ సంగతి పాఠం చెప్పేవాళ్ళు ముందే విడమరిచి చెప్పాలి. చెప్పకపోతే మన పిల్లలు తమ ఇంటి కష్టం పుస్తకంలో సున్నా అనుకుంటారు, లేదా పుస్తకమే అబద్ధం అనుకుంటారు. రెండూ నష్టమే.

అదే సిఫారసులలో పది నుంచి పన్నెండేళ్ళ అబ్బాయికి 2,220 కిలో కేలరీలు కావాలని ఉంది. కూర్చుని పనిచేసే పెద్దావిడకంటే ఎక్కువ. చిన్నవాళ్ళు రెండోసారి అన్నం అడిగితే నవ్వకండి తమ్ముళ్ళూ. వాళ్ళు ఎదుగుతున్నారు.

నశించకపోతే పొదుపు ఎందుకు?

ఇది పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న. ఒక చెంచా ఉప్పును బకెట్ నీళ్ళలో కలిపామనుకోండి. ఉప్పు ఎక్కడికీ పోలేదు, కానీ కూరలో వేసుకోవడానికి దొరకదు. శక్తి కూడా వాడిన కొద్దీ వేడిగా నలుదిక్కులా చెదిరిపోతుంది. ఉంది, కానీ పనికి రాదు. మనం పొదుపు చేసేది పనికి వచ్చే శక్తిని.

కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్ళు. వెయ్యి కిలోల బరువును 367 మీటర్ల పైకి ఎత్తగల శక్తి. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు, దానికి దాదాపు మూడు రెట్లు. పాత 60 వాట్ల బల్బులు పన్నెండు గదుల్లో ఐదు గంటలు వెలిగితే 3.6 యూనిట్లు. దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులకు 0.54 యూనిట్ చాలు. పాత బల్బు శక్తిలో ఎక్కువ భాగాన్ని వేడిగా పారబోసేది. గదిలో ఎవరూ లేనప్పుడు వెలిగే లైటు ఎల్‌ఈడీ అయినా దండగే.

చెప్పేవాళ్ళకు నాలుగు మాటలు

శక్తి ఒక ద్రవమో పొడో అన్నట్టు చెప్పకండి. అది వస్తువు కాదు, మార్పులకు మనం రాసుకునే లెక్క.

కదలని వస్తువులో శక్తి లేదని చెప్పకండి. బియ్యపు గింజ కదలదు, అగ్గిపుల్ల కదలదు.

బలం వేరు, శక్తి వేరు. నెట్టడం, లాగడం బలం. నెట్టినప్పుడు వస్తువు కదిలితే దానికి అందేది శక్తి.

తప్పు జవాబు చెప్పినవాణ్ణి కూర్చోమనకండి. "ఎందుకలా అనుకున్నావు?" అని అడగండి. జవాబు తెలియకపోతే మాలాగే రెండు వారాలు తీసుకోండి, కానీ తిరిగి వచ్చి చెప్పండి.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు

1. మీ ఇంట్లో ఐదు పనులు ఎంచుకొని మూడు ప్రశ్నలకూ జవాబు రాయండి.
2. పది లీటర్ల బకెట్ నీళ్ళను మూడు మీటర్ల లోతు నుంచి తోడితే నీటికి అందే శక్తి ఎన్ని జౌళ్ళు?
3. రెండు స్టీలు గ్లాసుల్లో సమంగా నీళ్ళు పోసి, ఒకదానికి నల్లగుడ్డ, ఒకదానికి తెల్లగుడ్డ చుట్టి గంటసేపు ఎండలో పెట్టండి. ఏవి ఎక్కువ వేడెక్కాయి? ఎందుకు?
4. అమ్మ, నాన్న ఒక రోజులో చేసే పనులన్నీ పొద్దుటి నుంచి రాత్రి దాకా రాయండి. ఏ పనిలో శక్తి దేనికి అందింది, ఏ పనిలో ఒంట్లోనే వేడిగా పోయింది అని పక్కన గుర్తు పెట్టండి.

నాలుగో ప్రశ్నకు ఆ తమ్ముడు దసరా సెలవుల తర్వాత రెండున్నర పేజీలు రాసి తెచ్చాడు. అందులో అమ్మ లేచే సమయం నాలుగున్నర అని ఉంది. మార్కులు వేయలేదు, కింద సంతకం చేసి ఇచ్చాం. ఈసారి మీరు చెప్పే పాఠంలో అలాంటి పేజీలు ఎన్ని వస్తాయో మాకు రాయండి. వచ్చే సంచికలో కలుసుకుందాం.

— పూర్వ విద్యార్థులు